చెప్పి కొట్టిన దెబ్బ

పోయిన ఆదివారం మా కొట్టు మేడమీదికి ఒక కొత్త మనిషి వచ్చారు. ఈమధ్యే బదిలీ అయి వచ్చిన బ్యాంకు మేనేజరుగారు. నరసరావుపేటలో ఆదివారం మధ్యాహ్నం నడివయసు మనుషులు ఒక బల్ల చుట్టూ చేరి కత్తులు, కోటలు, బందిపోట్లు అంటూ కేకలు పెట్టుకునే చోటొకటి ఉందని ఆయన చెవిన పడిందట. కాసేపు చూసిపోతానని వచ్చిన పెద్దమనిషి అరగంటలో గదాధారి వేషం పుచ్చుకుని మాతోపాటు అడవిలోకి దిగిపోయారు. దారికి అడ్డంగా మొదటి బందిపోటు రాగానే ఇరవై ముఖాల పాచికను గుప్పిట్లో ఊపుతూ, "తలకి గురిపెట్టి కొడితే ఒక్క దెబ్బకి చస్తాడా?" అని అడిగారు. మా ఆవిడ నావంక చూసింది, నేను మా మేనకోడలి వంక చూశాను, ఆఖరికి అందరం కిటికీ పక్కన కూర్చున్న మా బావ వంక చూశాం. ఆయన తాపీగా మజ్జిగ తాగుతున్నాడు. పాపం మేనేజరుగారికేం తెలుసు, సరిగ్గా ఈ సంగతి మీదే ఒకప్పుడు మా కుటుంబం ఇదే బల్ల దగ్గర రెండుగా చీలిపోబోయిందని!

నాది విత్తనాలు, పురుగుమందుల కొట్టు. వెనకవైపు మా కాపురం, పైన ఒకప్పుడు సరుకు దింపుకున్న హాలు. ఎన్నిసార్లు కడిగించినా ఆ హాలుకి మందు వాసన వదల్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి కాసేపు తల తిరుగుతుంది, తర్వాత వాళ్ళే ఆ వాసనకి అలవాటు పడతారు. గోడల వెంట పత్తి విత్తనాల ప్యాకెట్ల ర్యాకులు, మధ్యలో ఒక పాత భోజనాల బల్ల, నీళ్ళు పోసినా పోయకపోయినా ఒకేలా అరిచే ఎయిర్ కూలరు. ఇంత సుఖమైన చోట మేము ఆడే ఆట ఏమిటంటే, ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో తలా ఒక మనిషైపోతారు. ఎవరు ఏం చెయ్యాలనుకున్నా నోటితో చెప్పాలి, అది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. కథ నడిపేది మా అక్క కూతురు. బెంగళూరు ఉద్యోగం ఇంటినుంచే చెయ్యొచ్చని తేలగానే పెట్టె సర్దుకొచ్చి, ఆ పెట్టెలోనే ఈ జబ్బును కూడా తెచ్చి మాకంటించింది. నాకు మొదట్లో సిగ్గేసేది. రైతులొచ్చి గులాబీరంగు పురుగుకి మందడిగే మనిషిని, పైకెక్కి వేగులవాడిలా గోడలు దూకుతున్నానని చెప్పుకోవడమేమిటని. తర్వాత ఆ సిగ్గూ పోయింది.

ఆ పిల్ల తండ్రి, మా బావ సంగతి చెప్పకపోతే మిగతాదంతా గాల్లో ఉంటుంది. ఆయనది గురజాల వైపు పల్లె. సేద్యం చేసేవాడే కానీ, ప్రాణమంతా ఎడ్ల బండలాగుడు మీద ఉండేది. తిరునాళ్ళలో పెద్ద రాతిబండకి గొలుసు తగిలించి, కాడికి జతను కట్టి, ఇచ్చిన గడువులో ఎవరి ఎడ్లు ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. పళ్ళు చూసి ఎడ్లని విభాగాల్లో కడతారు. పాలపళ్ళ దూడలకి తేలిక బండ, రెండు పళ్ళవాటికి కాస్త బరువు, అలా పెరుగుతూపోయి ముదురు ఎడ్లకి చూస్తేనే భయమేసే బండ. ఒక విభాగంలోకి దిగాక మాత్రం ఎవరి జతకైనా అదే రాయి, అదే నేల, అదే ఈల. ఒక తిరునాళ్ళలో ఎవరో పలుకుబడిగలవాళ్ళు ముదురు జతను చిన్న విభాగంలోకి దించుతుంటే పెద్దలు చూసీచూడనట్టు ఊరుకున్నారు. మా బావ కేకలెయ్యలేదు, పోట్లాడలేదు. తన ఎడ్ల కాడి విప్పేసి, వచ్చిన దారినే ఇంటికి తోలుకుపోయాడు. ఆ తిరునాళ్ళ ముఖం మళ్ళీ జన్మలో చూళ్ళేదు. ఆయన కోపం అలాంటిది. అరిచే మనిషిని బతిమాలుకోవచ్చు, లేచిపోయే మనిషిని ఏం చేస్తాం?

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఇంకో చోట, బండ కదిలీ కదలకముందే ఒక ఎద్దు బెదిరి పక్కకి దూకింది. పగ్గం బావ కుడిచేతికి చుట్టుకుంది. బొటనవేలూ చూపుడువేలూ ఆ నేలమీదే పోయాయి. జతను మెడలో గంటలతో సహా నాదెండ్ల వైపు వాళ్ళకి అమ్మేశాడు. వైద్యం కోసమని పేటకొచ్చి మా వెనకవీధిలో ఇల్లు తీసుకున్నారు కానీ, ఆయన గుమ్మం దాటేవాడు కాదు. కుడిచేతిని ఎప్పుడూ కండువా కింద పెట్టుకునేవాడు. పెళ్ళికి పిలిస్తే రాడు, పేకాటకి పిలిస్తే అసలే రాడు. ఆయన పేకాటలో దిట్ట, కానీ పదమూడు ముక్కలు చేతిలో విప్పి పట్టాలంటే బొటనవేలు కావాలి. ఒకరోజు మా అక్క కొట్టుకొచ్చి, బేరాలు అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని, "ఒరేయ్, మీ బావ ఇంట్లో మనిషున్నట్టే లేదురా. ఊ అనీ, ఉహూఁ అనీ తప్ప ఇంకో మాట లేదు. నాకు చానా భయంగా ఉంది" అంది. మా అక్క భయమని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

చేత్తో పట్టాల్సిన ముక్కలు లేని ఆట కావాలి, నోటితో ఆడే ఆట కావాలి అని మా మేనకోడలు ఆలోచించి మమ్మల్నందరినీ ఆ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. నన్ను వేగులవాణ్ణి చేసింది. మా ఆవిడను మూలికలమ్మ చేసింది, గాయాలకి కట్లు కట్టడం ఆమె పని. పక్క బట్టల కొట్టు శెట్టిగారు మహాకాయుడు, గండ్రగొడ్డలి ఆయుధం. తన నాన్నకి మాత్రం రెండు చేతులూ నిండుగా ఉన్న కత్తివీరుణ్ణి ఇచ్చింది. బావ మొదటివారం కూతురు ఏడుస్తుందేమోనని వచ్చాడు. రెండోవారం కత్తి గురించి ఒక ప్రశ్న అడిగాడు. నాలుగు వారాలు తిరిగేసరికి మాకంటే ముందొచ్చి మెట్లమీద కూర్చునేవాడు. పాచిక మాత్రం ఎడంచేత్తోనే వేసేవాడు, కుడిచెయ్యి కండువాలోనే ఉండేది. మేమెవరం అటు చూసేవాళ్ళం కాదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడేవాళ్ళమో ఆయనకి తెలుస్తూనే ఉండేదని నా అనుమానం.

గురిపెట్టి కొట్టడమన్న మాట ఆటలోకి తెచ్చింది శెట్టిగారు. ఊరికే "కొట్టాను" అంటే ఆయనకి తృప్తి లేదు. కంటికో, మోకాలికో, బందిపోటు మీసానికో తగలాలి. ఆట పుస్తకంలో ఈ సంగతి పొడిపొడిగా రాసి ఉందట, ఎవరి బల్ల దగ్గర వాళ్ళే తేల్చుకోవాలట. మేనకోడలు సరేనంది. మామూలు దెబ్బకి పాచిక మీద పన్నెండు పడితే చాలు, చేతికో కాలికో గురిపెడితే పదహారు పడాలి, కంటికైతే ఇంకా పైన. తగిలితే చేతిలో ఆయుధం జారిపోతుంది, కాలైతే కుంటుతాడు. తప్పితే మనమే తూలిపడి అవతలివాడికి అదను ఇచ్చినట్టవుతుంది. తలకి కొట్టినా దిమ్మ తిరుగుతుందే తప్ప ఒక్క దెబ్బకి ప్రాణం పోదు. అలా పొయ్యేట్టయితే అందరూ తలలే కొడుతూ కూర్చుంటారు, ఇక మిగతా ఆయుధాలూ ఉపాయాలూ దేనికి? ఇంత వివరంగా చెప్పినా శెట్టిగారు ముందు పాచిక వేసి, పెద్ద అంకె పడ్డాక "కంటికి కొట్టానమ్మాయ్" అనేవారు. చిన్నది పడితే "ఊరికే భుజం తట్టా" అనేవారు. మూడోసారి అలా చేసేసరికి బావ కండువా సర్దుకుని, "ఇదేం పద్ధతి శెట్టిగారూ? బండ కదిలినాక జత పేరు రాయించుకుంటారా?" అన్నాడు. ఆరోజు నుంచీ మా బల్ల దగ్గర ముందు మాట, తర్వాత పాచిక.

ఇంకొక్క ముడి మిగిలింది. మనం వాళ్ళకి గురిపెట్టొచ్చు కదా, మరి వాళ్ళు మనకి గురిపెట్టొచ్చా? పెట్టొచ్చని మేనకోడలు చెప్పగానే మా ఆవిడ, "వాళ్ళంటే ఎవరే? నువ్వే కదా!" అంది. "నేను కాదత్తా, వాళ్ళు" అని ఆ పిల్ల. ఆ ఆటలో ఉన్న చిక్కే అది. మేము నలుగురం మా నలుగురి పక్షమే, ఆమె ఒక్కతే ఊళ్ళో పూజారీ, అడవిలో తోడేలూ, కోటలో దొంగా. మా గెలుపు కోరుకుంటూనే మా శత్రువు బుర్రతో ఆలోచించాలి. అయినా ఆ పిల్ల మొహమాటపడకుండా మొదటివారమే నా మోకాలు విరగ్గొట్టించింది. ఆ ఆదివారమంతా వేగులవాడు ఒంటికాలి మీద గెంతుతూ గోడలు దూకాడు. మా ఆవిడ కళ్ళలో కారం కొట్టారు, శెట్టిగారి చెవి తెగింది. చెవి పోయిందని ఆయన పాపం రాత్రి అన్నం సరిగ్గా తినలేదని వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పింది. ఏమైనా దెబ్బకి దెబ్బ తెలిసేసరికి ఆటలో జాగ్రత్త వచ్చింది. గురిపెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్ళం.

అప్పుడు నడుస్తున్న కథ ఒక కొండకోటది. చిన్నప్పుడు బడివాళ్ళతో కొండవీడు ఎక్కిన జ్ఞాపకంతో ఆ పిల్ల కోట బొమ్మ గీసింది, అవే వంకర మెట్లు, అవే కూలిన బురుజులు. పైన కోట దొర కింద ఊరికొచ్చే వాగుకి అడ్డుకట్ట వేసి నీళ్ళు ఆపేశాడు. మేము పోయి విడిపించాలి. ఒక ఆదివారం బురుజు దగ్గర దొర తమ్ముడు ఎదురొచ్చాడు. బావ గొంతెత్తి, "కుడిచెయ్యి!" అని చెప్పి పాచిక వేశాడు. పంతొమ్మిది. తమ్ముడి చెయ్యి కత్తితో సహా మెట్లమీద పడింది, దొర పైనుంచి చూస్తూ ఉండిపోయాడు. బావ నవ్వాడు. చాన్నాళ్ళకి విన్న నవ్వు. కింద వంటింట్లో ఉన్న మా అక్క ఆ నవ్వు విని, చేతి పిండి కడుక్కోకుండానే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. నరికింది కుడిచెయ్యి అని తెలిశాక మాత్రం ఆమె మొహం ఎందుకో మారింది. నేను దాన్ని పట్టించుకోలేదు, నాకప్పుడు కోటే ముఖ్యం.

మరుసటి ఆదివారం ఎండ మాడ్చేస్తోంది. కూలరు అరుస్తోంది కానీ గాలి రావడం లేదు. దొర స్వయంగా బల్లెం పట్టుకుని కోటగుమ్మంలోకి వచ్చాడు, బావ ఎదురెళ్ళాడు. మేం ముగ్గురం వెనక సైనికులతో చిక్కుకుపోయాం. బావ పడిపోతే అందరం పోయినట్టే, అక్కడితో ఊరికి నీళ్ళ ఆశ కూడా పోయినట్టే. మేనకోడలు తన పాచికను మాకు కనపడకుండా విత్తనాల పెట్టె అట్ట ఒకటి అడ్డం పెట్టుకుని వేసేది, కథ నడిపేవాళ్ళు అలా చెయ్యడం మామూలేనట. దొర వంతు వచ్చింది. ఆ పిల్ల బొమ్మ వంక చూసి, నాన్న వంక చూడకుండా, "దొర బల్లెం నాన్న ఛాతీకి" అంది. అట్ట వెనక పాచిక దొర్లిన చప్పుడు. "తగల్లేదు. కవచాన్ని గీసుకుంటూ పోయింది." మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. బావ మాత్రం చేతిలో పాచికను మెల్లగా బల్లమీద పెట్టేశాడు.

"ఆగమ్మా," అన్నాడు. "పోయినవారం నేను చెయ్యి నరికింది ఎవుడికి?"

"దొర తమ్ముడికి."

"దొర చూశాడా?"

"చూశాడు నాన్నా."

"మరి ఇనప కవచం ఉన్న ఛాతీకి పొడుస్తాడేందమ్మా? చెయ్యి బయటే కనపడతా ఉంది గదా."

"కోపంలో ఉన్నాడు. తోచలేదు."

"వాడికి తోచలేదా, నీకు తోచలేదా?"

బావ గొంతు పెరగలేదు, అదే నన్ను భయపెట్టింది. "మీ మావయ్య కాలు విరిగింది. అత్తయ్య కళ్ళు పోయినాయి. శెట్టిగారికి చెవి లేదు. ఇన్ని వారాల్లో నా మీదకొచ్చినోళ్ళంతా ఛాతీకే గురిపెట్టారు, ఒక్కడన్నా చేతికి పెట్టలా. నేను చూసుకుంటా ఉన్నా. ఇయ్యాల దొర కూడా అంతేనా?" అని కూతురి మొహంలోకి చూశాడు. ఆ పిల్ల కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో మా అక్క పకోడీల పళ్ళెంతో నిలబడి ఉంది.

"నేనే చెప్పా," అంది అక్క. "దాన్నేం అనమాక. నాన్న చేతి జోలికి పోమాకే అని మొదట్లోనే ఒట్టేయించుకున్నా. ఇన్నాళ్ళకి నవ్వుతున్నావు. మళ్ళీ ఆ మాట నీ చెవిన పడటం నేను చూళ్ళేను."

బావ లేచాడు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు హాలంతా వినపడింది. "అదన్నమాట సంగతి. అందరూ కలిసి నా పెదవెత్తి పళ్ళు చూశారు. ఈడు పెద్ద బండ లాగలేడులే అని పాలపళ్ళల్లో కట్టారు నన్ను!" అన్నాడు. ఒక్కొక్క మాటా ఆగి ఆగి వచ్చింది. నేను "బావా, కూర్చో" అన్నాను కానీ ఆ మాటలో బలం లేదని నాకే తెలుసు. తలుపు దగ్గర చెప్పులు విడిచిన చోటికి నడిచాడు. నాకు ఆ పాత తిరునాళ్ళే కళ్ళముందు మెదిలింది. కాడి విప్పి తోలుకుపోవడం, మళ్ళీ ముఖం చూడకపోవడం. ఈ మనిషి ఈ మెట్లు దిగాడంటే మళ్ళీ ఎక్కడు. ఇంట్లో ఆ మూల మంచం, ఆ కండువా, ఆ ఊ, ఉహూఁ. మా అక్క చేతిలో పళ్ళెం ఒకవైపుకి ఒరిగిపోతోంది, ఆమె చూసుకోవడం లేదు. మా ఆవిడ వెళ్ళి ఆ పళ్ళెం అందుకుంది.

అప్పుడు ఆ పిల్ల లేచి, తన ముందున్న అట్టను మడిచి బల్ల కింద పడేసింది. "నాన్నా, దొర దెబ్బ నేను తప్పు వేశాను. అది చెల్లదు. మళ్ళీ వేస్తాను, అందరి ముందూ వేస్తాను," అంది. "నీ వంతు ఇంకా రాలేదు. మధ్యలో లేచిపోతే ఓడిపోయినట్టే."

బావ చెప్పులో ఒక కాలు పెట్టినవాడల్లా ఆగాడు. ఇటు తిరగలేదు. "ఎక్కడికి గురి?" అన్నాడు.

ఆ పిల్ల పాచికను గుప్పిట్లోకి తీసుకుంది. "కుడిచెయ్యి."

"ఎంత పడాల?"

"పదహారు. అందరికీ అంతే."

"వెయ్యి."

పాచిక బల్లమీద దొర్లి, స్టీలు గ్లాసుకి తగిలి, వెనక్కి వచ్చి, ఒక అంచుమీద కాస్త తిరిగి ఆగింది. నేను ఎన్నో పంటలు పోవడం చూశాను, కొట్టులో ఎన్నో గొడవలు చూశాను, కానీ ఒక ప్లాస్టిక్ ముక్క వంక అంత భయంగా ఎప్పుడూ చూళ్ళేదు. పద్దెనిమిది. మా అక్క గోడవైపు తిరిగిపోయింది. శెట్టిగారు అలవాటుకొద్దీ "అమ్మాయ్, ఒక రెండంకెలు తగ్గించుకుంటే..." అని మొదలుపెట్టబోయి మా ఆవిడ చూపుకి ఆగిపోయారు. అయినా రెండు తగ్గినా తగిలేదే! మేనకోడలు బల్ల అంచు పట్టుకుని నిలబడి, నా మోకాలు విరిగినప్పుడు ఎలా చెప్పిందో అలాగే చెప్పింది. "బల్లెం కుడి మణికట్టులో దిగింది. వేళ్ళు పట్టు తప్పాయి. కత్తి జారి మెట్లమీద పడింది. ఈ పోరు అయ్యేదాకా ఆ చెయ్యి పనిచెయ్యదు." కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, మాట మాత్రం ఎక్కడా తగ్గించలేదు. ఇంకెవరికైనా ఇంతకంటే ఒక మాట ఎక్కువా చెప్పేది కాదు, తక్కువా చెప్పేది కాదు.

బావ వీపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆయన చెప్పులోంచి కాలు తీశాడు. వచ్చి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు. కోట బొమ్మమీదికి వంగాడు.

"కత్తి ఎంత దూరాన పడింది?"

"రెండు మెట్ల కింద."

"ఎడంచేత్తో తీయనిస్తావా?"

"తీయొచ్చు. కానీ అలవాటు లేని చెయ్యి కదా, ఏం చేసినా రెండంకెలు ఎక్కువ పడాలి."

"ఎవురికైనా అంతేనా?"

"ఎవరికైనా అంతే నాన్నా."

"అయితే తీశా. దొర మోకాలికి గురి." అని, కండువా తీసి భుజాన వేసుకుని, ఇన్నాళ్ళూ మేమెవరం చూడని ఆ కుడిచెయ్యి బల్లమీదికి తెచ్చాడు. ఆటలో కత్తి ఎడంచేతిలోకి పోయింది, బల్లమీద పాచిక కుడిచేతిలోకి వచ్చింది. మూడు వేళ్ళతో దాన్ని అరచేతిలోకి లాక్కోవడానికి రెండుసార్లు జారింది. సాయం చెయ్యబోయి మా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. మూడోసారికి పట్టు చిక్కింది. ఊపి వేశాడు. పాచిక బల్ల మీద ఒక్క గెంతు గెంతి నేలమీద పడి, దొర్లుకుంటూ పత్తి విత్తనాల ర్యాకు కిందికి పోయింది.

శెట్టిగారు, ఆ ఒళ్ళుతో, నేలమీద బోర్లా పడుకుని ఫోను లైటు వేసి ర్యాకు కిందికి తొంగిచూశారు. పైన మేము, కింద ఆయన కాళ్ళు. ఆయన మనసు అక్కడ ఏం బేరమాడుతోందో నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఆ చీకట్లో ఏ అంకె పడిందో ఆయనకొక్కడికే తెలుసు. మంచి మనిషి, ఒక్క మాట మారిస్తే దొర కూలిపోతాడు, బావ గెలుస్తాడు, మా అక్క గోడవైపు నుంచి ఇటు తిరుగుతుంది.

"నాలుగు లాగా ఉందండీ," అన్నారు కిందనుంచి.

"లాగా ఏంది?" అన్నాడు బావ.

"నాలుగే."

"నాలుగంటే నాలుగే."

ఆరోజు ఆటలో మేము చిత్తుగా ఓడిపోయి కోట విడిచి పారిపోయాం. శెట్టిగారు బావను భుజాన వేసుకున్నారు, నేను కుంటుకుంటూ దారి చూపించాను, మా ఆవిడ పరిగెడుతూనే కట్టు కట్టింది. వాగు విడవలేదు, కింద ఊరికి నీళ్ళు రాలేదు. బల్ల సర్దుకుంటుంటే బావ చల్లారిన పకోడీ ఒకటి నోట్లో వేసుకుని కూతురితో, "ఇయ్యాల బండ కదల్లా. వచ్చేవారం చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల నవ్వబోయి, ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆయన పకోడీల పళ్ళెం ఆమె వైపు జరిపాడు. కుడిచేత్తోనే జరిపాడు.

అక్కకి మాత్రం కోపం తగ్గలేదు. సాయంత్రం కొట్టు వెనక మెట్లమీద కూర్చుని, "దాని నోటితో అది ఆ మాట ఎట్టా అనగలిగిందిరా? వేళ్ళు పట్టు తప్పాయని కన్నతండ్రి మొహం మీద చెప్పుద్దా?" అని కళ్ళు ఒత్తుకుంది. నాకు చెప్పడం చేతకాలేదు. ఇప్పుడైతే చెబుతాను. ఆయన చేతిని తప్పించి కొట్టినన్నాళ్ళూ మేము ఆ చేతినే చూస్తున్నాం. చెప్పి కొట్టినరోజున ఆ పిల్ల మనిషిని చూసింది. మా అక్క ప్రేమ తక్కువదని కాదు, ఆమెది దాచిపెట్టే ప్రేమ, ఆ పిల్లది చెప్పి కొట్టే ప్రేమ. ఆ రెంటికీ మధ్య మా బావ నలిగిపోయాడు. అక్క మాత్రం రెండు వారాలు కూతురితో ముభావంగా ఉండి, మూడోవారం తనే వచ్చి బల్ల దగ్గర కుర్చీ వేసుకుంది. ఇప్పుడు మాలో ఎవరు గురిపెట్టినా ముందు నోటితో చెప్పారా లేదా అని కనిపెట్టేది ఆవిడే. శెట్టిగారికి ఆవిడంటే హడల్.

పోయిన వేళ్ళు మళ్ళీ రాలేదు, బావ ఎడ్లను మళ్ళీ కట్టలేదు. మూగగా కూర్చునే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ కండువా భుజం మీదికి వెళ్ళింది, అక్కడే ఉంది. మాచర్ల వైపు తిరునాళ్ళలో ఎడ్ల పళ్ళు చూసి విభాగం తేల్చే పెద్దగా ఆయన్ని పిలుస్తున్నారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఎడంచేత్తో ముకుతాడు పట్టుకుని, కుడిచేతి మూడు వేళ్ళతో ఎద్దు పెదవి ఎత్తి, "ఆరు పళ్ళు. ఇది మీరు చెప్పిన దాంట్లో రాదు" అని యజమాని మొహం మీదే చెప్పేస్తున్నాడు. ఎవరూ ఆ చేతివంక చూడటం లేదు, అందరూ ఎద్దు నోట్లోకే చూస్తున్నారు.

పోయిన ఆదివారం మేనేజరుగారి ప్రశ్నకి జవాబు చెప్పింది కూడా ఆయనే. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "కొట్టొచ్చు సార్. ముందు నోటితో చెప్పి, తర్వాత పాచిక వెయ్యాల. ఒక్క దెబ్బకైతే చావడు. ఇంకోటి, వాడి వంతు వచ్చినప్పుడు మీ తలకి కూడా గురిపెడతాడు" అన్నాడు. మేనేజరుగారు తన బట్టతల మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించి, "అయితే కాలికి కొడతానండీ" అన్నారు. అక్క నవ్వింది, మేనకోడలు పాచిక ఆయన ముందుకి జరిపింది.

అందరూ వెళ్ళిపోయాక కూలరు ఆపి, కిటికీలు వేస్తూ బావ కుర్చీ దగ్గర కాసేపు నిలబడ్డాను. మా బల్ల పద్ధతి కాలానికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఎక్కడ కొట్టబోతోందో అది ముందు చెప్పదు, దాని పాచిక అట్ట వెనకే దొర్లుతుంది. మనం చెయ్యగలిగిందల్లా, జారిన కత్తి ఎంత దూరంలో పడిందో అడిగి తెలుసుకుని, వచ్చే ఆదివారం మళ్ళీ మెట్లెక్కి మన వంతుకి కూర్చోవడమే.